డెవలపర్ కాన్ఫరెన్స్ పాస్ కొంటున్నారా? అజెండాలో "టెక్నికల్ సెషన్" అని కనబడగానే డబ్బు కట్టేయకండి

హైదరాబాద్‌లో ఈ మధ్య జరిగిన ఒక డెవలపర్ కాన్ఫరెన్స్‌కి సొంత డబ్బుతో వెళ్లొచ్చాను. పాస్ 8,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 9,440 రూపాయలు. రిఫండ్ గొడవ ఇంకా తేలలేదు కాబట్టి పేరు రాయడం లేదు. అయినా ఇలా నడిచేది అదొక్కటే కాదు, మీరు పట్టించుకోవాల్సింది వీళ్ల పద్ధతిని.

నేను వెళ్లిందే పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మీద పెట్టిన సెషన్ కోసం. ప్రొడక్షన్‌లో డేటాబేస్ నెమ్మదించినప్పుడు ఏం చూడాలి, క్వెరీ ప్లాన్లు (డేటాబేస్ సమాచారాన్ని ఏ దారిలో వెతుకుతుందో చెప్పేవి) ఎలా చదవాలి, వాక్యూమ్ (పనికిరాని పాత డేటాని శుభ్రం చేయడం) ట్యూనింగ్ అంటూ వెబ్‌సైట్‌లో భలే ఊరించారు. తీరా అక్కడ మొదటి పావుగంట కంపెనీ పరిచయం, కస్టమర్ల లోగోలు. తర్వాత క్వెరీ ప్లాన్ చూపించే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ కమాండ్ అవుట్‌పుట్ స్క్రీన్‌షాట్ ఒకటి వేశారు, నాలుగో వరుసలో కూర్చున్న నాకే ఒక్క అక్షరం కనబడలేదు. అక్కడి నుంచి చివరిదాకా వాళ్లు అమ్మే మానిటరింగ్ టూల్ డ్యాష్‌బోర్డే. లైవ్ డెమో అన్నది కూడా ముందే రికార్డు చేసి పెట్టుకున్న వీడియో.

చివర్లో ఒకాయన లేచి అడిగాడు: "మా టేబుల్లో 10 కోట్ల వరుసలు ఉన్నాయి, ఆటోవాక్యూమ్ సమయానికి రావడం లేదు, స్కేల్ ఫ్యాక్టర్ ఎంత పెట్టాలి?" పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్లకి ఇది రోజూ ఎదురయ్యే తలనొప్పే. టేబుల్లో ఎంత భాగం చెత్త పేరుకుంటే ఆటోవాక్యూమ్ దానంతటదే శుభ్రం మొదలుపెట్టాలో చెప్పేదే ఈ స్కేల్ ఫ్యాక్టర్. డిఫాల్ట్ 0.2, అంటే అంత పెద్ద టేబుల్లో దాదాపు 2 కోట్ల డెడ్ వరుసలు (తీసేసినా, మార్చినా లోపలే మిగిలిపోయే పాతవి) పోగయ్యేదాకా ఆటోవాక్యూమ్ అటు తొంగి చూడదు. ఆ ఒక్క టేబుల్‌కి 0.01 లాంటిది పెట్టి చూడండి అంటే సరిపోయేది, నిమిషం పని. స్పీకర్ గారు నవ్వి, "మంచి ప్రశ్న, మా స్టాల్ దగ్గరికి రండి, టీమ్ వివరిస్తారు" అన్నారు. తర్వాత లింక్డ్‌ఇన్‌లో చూస్తే ఆయన ఉద్యోగం సేల్స్‌లో.

మధ్యాహ్నం వర్క్‌షాప్ మరీ ఘోరం. పాస్ ఉన్నవాళ్లందరికీ ప్రవేశం అని రాశారు, గదిలో కుర్చీలు చూస్తే సగం మందికి కూడా చాలవు. కూర్చున్నవాళ్లకైనా పని జరిగిందా అంటే అదీ లేదు. అందరూ ఒకేసారి అక్కడి వైఫై మీద డాకర్ ఇమేజ్ (వర్క్‌షాప్‌కి కావాల్సిన సాఫ్ట్‌వేర్ అంతా ఉన్న ప్యాకేజీ) డౌన్‌లోడ్ మొదలుపెట్టారు. ఆ ఇమేజ్‌లు దొరికే సైట్ డాకర్ హబ్, లాగిన్ కాకుండా తీసుకునేవాళ్లకి ఐపీ అడ్రస్‌ని బట్టి పరిమితి పెడుతుంది. హాల్లో ఉన్న అందరూ బయటికి ఒకే ఐపీగా కనబడతారు కదా, కాసేపటికి ప్రతి స్క్రీన్ మీదా "టూ మెనీ రిక్వెస్ట్స్" ఎర్రర్. ముందు రోజే ఇమేజ్ కాపీని హాల్లోనే ఉంచే ఒక లోకల్ రిజిస్ట్రీ పెట్టుకోవడమో, నాలుగు పెన్‌డ్రైవ్‌లు తేవడమో చేస్తే తీరిపోయేది. డెవలపర్ల కోసం కాన్ఫరెన్స్ పెట్టేవాళ్లకి ఈ మాత్రం తెలియదా?

ఇక బ్యాడ్జి సంగతి. ప్రతి హాలు గుమ్మం దగ్గరా మెడలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేశారు, హాజరు కోసమేమో అనుకున్నాం. మర్నాటి నుంచి ఫోన్లు మొదలు. నేను ఏ సెషన్లో కూర్చున్నానో చెప్పి మరీ అమ్మబోయారు. మీకిష్టం లేకపోతే స్కాన్ వద్దనండి, రిజిస్ట్రేషన్ ఫారంలో ముందే టిక్ పెట్టి ఉంచిన పెట్టెలుంటే తీసేయండి. వీలైతే విడిగా ఒక ఈమెయిల్ ఐడీ ఇవ్వండి.

రికార్డింగులు పంపుతామన్నారు, ఇంతవరకూ లేవు. 2009 నుంచి వలంటీర్లు నడుపుతున్న పైథాన్ ప్రోగ్రామర్ల కాన్ఫరెన్స్ పైకాన్ ఇండియా టాక్‌లు యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతాయి. బ్రస్సెల్స్‌లో జరిగే ఓపెన్ సోర్స్ కాన్ఫరెన్స్ ఫాస్‌డెమ్‌కి టికెట్టూ లేదు, రిజిస్ట్రేషనూ లేదు. గూగుల్, యాపిల్ పెట్టే డెవలపర్ కాన్ఫరెన్స్‌లు ఐ/ఓ, డబ్ల్యూడబ్ల్యూడీసీ సెషన్లు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అలాంటప్పుడు వేలు పోసి వెళ్లేది ఎందుకు? ఎదురుగా నిలబడి ప్రశ్న అడగడానికే. దానికీ స్టాల్ దగ్గరికి రమ్మంటే ఎలా?

కొనే ముందు స్పాన్సర్ల పేజీ, స్పీకర్ల పేజీ పక్కపక్కన తెరిచి చూడండి. రెండింట్లోనూ అవే కంపెనీలు కనబడితే ఆ టాక్‌లు చాలావరకు డబ్బిచ్చి కొనుక్కున్న స్లాట్లే. స్పాన్సర్ కంపెనీ నుంచి వచ్చినా బ్రహ్మాండంగా చెప్పే ఇంజినీర్లు ఉంటారు, కాదనను. అందుకే పేరు వెతికి పాత టాక్ ఒకటి పది నిమిషాలు చూడండి. టాక్ ప్రతిపాదనలు అందరి నుంచీ పిలిచారా, ఎవరు ఎంపిక చేశారు అన్నది సైట్లో ఎక్కడా లేకపోతే అనుమానించాల్సిందే. "స్పీకర్లు త్వరలో" అని ఉంటే ఎర్లీ బర్డ్ తగ్గింపు ఎంతున్నా ఆగండి. వర్క్‌షాప్ సీటు విడిగా బుక్ అవుతుందా లేదా మెయిల్లోనే అడిగి జవాబు దాచుకోండి. బిల్లు మీ కంపెనీ కడుతుంటే కొనేటప్పుడే జీఎస్టీ నంబర్ ఇచ్చేయండి, తర్వాత ఇన్‌వాయిస్ మార్పించుకోవడం పెద్ద తలనొప్పి.

రిఫండ్ అడిగితే "అజెండా మారవచ్చు అని నిబంధనల్లో ఉంది" అని జవాబిచ్చారు. మళ్లీ మళ్లీ రాస్తే వచ్చే ఏడాది పాస్ మీద తగ్గింపు కూపన్ ఇస్తామన్నారు! జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నిర్వాహకులు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

నాతో పాటు ఆ హాల్లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, పాత అజెండా పేజీ సైట్లో ఉండగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పోయిన వారం నుంచి అందులో సెషన్ వివరాలు ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి.