టాస్మానియా పాత జనన మరణ రికార్డులు: ఉచితమే, కానీ సగం కథ జలసంధి అవతల

మా అల్లుడిది మెల్‌బోర్న్, అక్కడివాళ్ళే. పూర్వీకులు ఎప్పుడో టాస్మానియా (ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న ద్వీప రాష్ట్రం) నుంచి వచ్చారన్న మాట తప్ప వాళ్ళింట్లో ఎవరికీ ఏమీ తెలియదు. మనవరాలి కోసం ఆ వంశవృక్షం పని నేను పెట్టుకున్నాను. అందుకు ఎక్కువగా వాడింది అక్కడి ప్రభుత్వ గ్రంథాలయ సంస్థ లైబ్రరీస్ టాస్మానియా వాళ్ళ నేమ్స్ ఇండెక్స్, అంటే పేరుతో పాత రికార్డులు వెతికే వెబ్‌సైటు. ఇంత మంచి ఉచిత సేవ నేనింకోటి చూడలేదు.

ఇంటిపేరు కొట్టి, జననమా మరణమా పెళ్ళా ఎంచుకుంటే చాలు, 19వ శతాబ్దపు రిజిస్టర్ పేజీ స్కాన్ తెరుచుకుంటుంది, డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. టాస్మానియాని ఇంకా వాన్ డీమెన్స్ ల్యాండ్ అనే రోజుల్లోనే, 1838 డిసెంబరులో, అక్కడ ప్రభుత్వ నమోదు మొదలైంది. జలసంధి అవతల మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియాలో 1853 దాకా, న్యూ సౌత్ వేల్స్‌లో 1856 దాకా అది లేదు.

జననాల్లో ఒక తిరకాసు ఉంది. చాలా చోట్ల బిడ్డ పేరు ఉండదు, పేరు పెట్టకముందే నమోదు చేయించేసేవాళ్ళు. దొరకలేదని వదిలేయకుండా ఇంటిపేరు, సంవత్సరం పెట్టి వెతికి, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉన్న గడి చూడండి. తోబుట్టువులందరినీ కలిపేది అదే.

మరణాల దగ్గరే నిరాశ. పేరు, వయసు, వృత్తి, చావుకి కారణం, కబురు చెప్పిందెవరు, దాదాపు అంతే. అమ్మానాన్నల పేర్లుండవు. అదే మనిషి 1850ల్లో బంగారం కోసం బాస్ జలసంధి దాటి విక్టోరియాలో చనిపోయుంటే మాత్రం మీ పంట పండినట్టే! అక్కడి సర్టిఫికెట్‌లో తల్లిదండ్రులు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, ఎక్కడ పెళ్ళయింది, పిల్లల పేర్లు వయసులు, కాలనీకి (అప్పటి బ్రిటిష్ వలస ప్రాంతానికి) వచ్చి ఎన్నేళ్ళయింది, అన్నిటికీ గడులున్నాయి. డబ్బు కట్టాలి, కట్టండి, నాకు ఒక్క కాగితంతో మూడు తరాలు తేలాయి. కాకపోతే ఆ వివరాలు చెప్పిందెవరో ముందు చూసుకోవాలి, కొడుకు చెబితే ఒక లెక్క, ఆసుపత్రి గుమాస్తా చెబితే ఇంకో లెక్క.

బ్రిటన్ నుంచి శిక్ష వేసి ఓడల్లో అక్కడికి పంపిన ఖైదీల రికార్డులూ ఇదే ఇండెక్స్‌లో ఉన్నాయి. మా అల్లుడి పూర్వీకుల్లో అలా వచ్చిన ఒకతని ఎత్తు, కళ్ళ రంగు, ముంజేతి మీద లంగరు పచ్చబొట్టు అన్నీ రాసి ఉన్నాయి! మొహం తెలియని మనిషిని ఇంత దగ్గరగా చూడటం నాకు మాటల్లో చెప్పలేని ఆనందం. డబ్బులు తీసుకునే ఒక సైటులో (పేరెందుకులెండి) ఇతనికి ఎవరో వేరే తండ్రిని తగిలించారు, మిగతావాళ్ళు చూసుకోకుండా దాన్నే కాపీ కొట్టారు. అసలు రిజిస్టర్ పేజీ చూడనిదే ఎవరి వంశవృక్షాన్నీ నమ్మకండి.

1838కి ముందు పుట్టినవాళ్ళయితే బాప్టిజం రికార్డులు వెతకండి. చర్చి రిజిస్టర్లు కూడా ఇక్కడే దొరుకుతాయి. కొన్ని పేజీలు బాగా మసక, ఫోన్లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద చదువుకుంటే నయం.