12వ ఫ్రెట్ దగ్గర కలిసే చిన్న గిటార్, ఆరేళ్లు వాయించాక

ఈ గిటార్ కొని ఆరేళ్లు దాటింది. చిన్న బాడీ, డబుల్ ఓ అంటారు ఈ సైజుని, మహాగని టాప్ (బాడీ పై పలక), నెక్ (తీగలు నొక్కే పొడుగు భాగం) వచ్చి బాడీతో 12వ ఫ్రెట్ దగ్గర కలుస్తుంది, ఫ్రెట్లంటే నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీలు. బ్రాండ్ పేరు రాయట్లేదు, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది ఆ కంపెనీ గురించి కాదు, నెక్ ఎక్కడ కలుస్తుంది అనే ఆ ఒక్క విషయం గురించి. చిన్న గిటార్ కొందాం అనుకునే వాళ్లందరూ సైజు గురించే అడుగుతారు, పార్లర్ తీసుకోవాలా, ట్రిపుల్ ఓ తీసుకోవాలా, ఓఎం తీసుకోవాలా అని. నెక్ సంగతి ఎవరూ అడగరు, షాపులో కూడా చెప్పరు. నాకు కూడా రెండు గిటార్లు మారాకే తెలిసింది.

నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, చేతులు కూడా పొట్టివే. మొదటిసారి సికింద్రాబాద్‌లో ఒక షాపుకి వెళ్తే అక్కడతను డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ గిటార్ చేతిలో పెట్టి "మేడం, పెద్ద బాడీ ఉంటేనే సౌండ్ వస్తది, చిన్నవి పిల్లలకి" అన్నాడు, నేనూ నమ్మి తీసుకున్నా. డ్రెడ్‌నాట్ అనే పేరు 1906లో బ్రిటిష్ వాళ్లు దించిన యుద్ధనౌకది, గిటార్‌కి ఆ పేరు ఎందుకు పెట్టారో ఒళ్లో పెట్టుకుంటే తెలుస్తుంది. కింద వెడల్పు దాదాపు 40 సెంటీమీటర్లు, లోతు 12 పైనే. కుడి చెయ్యి దాని మీదుగా వెయ్యాలంటే భుజం పైకి లేవాల్సిందే, అరగంట వాయిస్తే మెడ నుంచి మోచేతి దాకా లాగేది. ఏడాదిన్నర అట్లాగే వాయించా, తప్పు నా కూర్చునే పద్ధతిలోనే ఉందనుకుని.

తర్వాత మా ఫ్రెండ్ తన యమహా ఎఫ్ఎస్800 కొన్ని నెలలు ఇచ్చింది. అది చిన్న బాడీ, టాప్ సాలిడ్ స్ప్రూస్, అంటే ప్లైవుడ్ కాకుండా అసలు చెక్క, ఆ రేటుకి చాలా మంచి గిటార్, ఇప్పటికీ ఎవరైనా మొదటి గిటార్ అడిగితే అదే చెప్తా. కుడి భుజం నొప్పి దాంతో పోయింది. కానీ ఎడమ చెయ్యి మాత్రం అలాగే ఉంది, ఒకటో ఫ్రెట్ దగ్గర ఎఫ్ బార్ కార్డ్ (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) పట్టాలంటే మోచెయ్యి పూర్తిగా చాచాలి, చాచిన చేతికి బలం ఉండదు కదా, బార్ నొక్కితే రెండో తీగ మూగబోయేది. బాడీ చిన్నదైంది గానీ నెక్ పొడుగు అట్లాగే ఉంది, ఆ సంగతి అప్పుడు అర్థం కాలేదు.

అబిడ్స్‌లో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో ఈ డబుల్ ఓ దొరికింది, ఊరికే ఒళ్లో పెట్టుకుని సి కార్డ్ పట్టా, చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్లినట్టు అనిపించింది. నేను పొరపాటున రెండో ఫ్రెట్‌లో పట్టానేమో అని వంగి చూసుకున్నా కూడా. ఇంటికి తెచ్చాక బట్టలు కుట్టే టేపుతో రెండూ కొలిచా. స్కేల్, అంటే నట్ (నెక్ పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించే చెక్క) దాకా తీగ పొడవు, రెండింటికీ దాదాపు ఒకటే, యమహాది 634 మిల్లీమీటర్లు, దీనిది 632. కానీ నట్ నుంచి బాడీ మొదలయ్యే చోటికి కొలిస్తే యమహాకి 35 సెంటీమీటర్లు, దీనికి 31న్నర. మూడున్నర సెంటీమీటర్లు తేడా! 12వ ఫ్రెట్ అంటే తీగకి సరిగ్గా సగం, నెక్ అక్కడ ఆగితే సగం తీగ నెక్ మీద, సగం బాడీ మీద. యమహాలో లాగా 14వ ఫ్రెట్ దాకా బయట ఉంటే తీగలో సగం కంటే ఎక్కువ బయటే. అందుకే ఒకటో ఫ్రెట్ అంత దగ్గరికి వచ్చింది, నా ఎఫ్ కార్డ్ వారంలో పలికింది.

ఇంకో విషయం, నాకు దీనికంటే ముఖ్యమైనది. తీగ పొడవు మారకుండా నెక్ లోపలికి జరిగింది అంటే, అటు చివర ఉన్న బ్రిడ్జ్ కూడా కిందికి జరగాలి. 14 ఫ్రెట్ గిటార్లలో బ్రిడ్జ్ సౌండ్‌హోల్‌కి కాస్త దగ్గరగా ఉంటుంది, 12 ఫ్రెట్‌లో బాడీ కింది భాగం మధ్యకి వస్తుంది, అక్కడ చెక్క వెడల్పుగా ఉంటుంది, బాగా ఊగుతుంది. డప్పు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది, అంచు మీద కొడితే టక్ అని పదునుగా వస్తుంది, మధ్యలో కొడితే నిండుగా వస్తుంది. అచ్చం అంతే కాదు గానీ దగ్గర పోలిక. బొటనవేలితో ఐదో తీగ మీటితే గుండ్రంగా వస్తుంది శబ్దం, ఆ తీగ మోగుతుండగానే పైన రెండో తీగ మీటితే రెండూ కలిసిపోవు, విడివిడిగా వినిపిస్తాయి. రాత్రి బాబు పడుకున్నాక పక్క గదిలో మంచం మీద కూర్చుని మెల్లగా వాయించినా ఆ నిండుదనం పోదు, పెద్ద గిటార్‌ని అంత మెల్లగా మీటితే నాకు పలచగా వినిపించేది.

మరి ఇంత బాగుంటే అందరూ 14కి ఎందుకు మారారు అని నాకూ డౌట్ వచ్చింది. ఒకప్పుడు దాదాపు అన్నీ 12 ఫ్రెట్ గిటార్లే, క్లాసికల్ గిటార్ ఇప్పటికీ అంతే. 1929లో పెర్రీ బెక్టెల్ అనే అమెరికన్ బాంజో ప్లేయర్ మార్టిన్ గిటార్ కంపెనీ వాళ్లని నెక్ మీద ఇంకా పైకి అందేలా గిటార్ చెయ్యమని అడిగాడు, బాంజో వాళ్లకి పొడుగు నెక్ అలవాటు కదా. వాళ్లు ట్రిపుల్ ఓ బాడీకి పైభాగం భుజాలు కుదించి 14 ఫ్రెట్లు బయటికి వచ్చేలా చేశారు, అదే ఓఎం. తర్వాత డ్రెడ్‌నాట్ కూడా 14కి మారిపోయింది, అదే మామూలైపోయింది. అందుకే 12 ఫ్రెట్ గిటార్ల భుజాలు జారుగా ఉంటాయి, 14వి చతురస్రంగా ఉంటాయి, దూరం నుంచి చూసి కూడా కనిపెట్టొచ్చు. ఆయన అవసరం ఆయనది, పైన సోలో వాయించేవాళ్లకి ఆ రెండు ఫ్రెట్లు కావాలి. నాకు కార్డ్స్ పట్టి పాడుకోవడం, ఫింగర్‌పికింగ్ (వేళ్లతో ఒక్కో తీగ మీటడం), అంతే.

ఇప్పుడు ఇబ్బందులు చెప్తా. నేను పాడేది 5 శ్రుతిలో, అంటే జి. డి షేపులు నాకు ఇష్టం కాబట్టి క్యాపో, అంటే తీగలన్నీ నొక్కి పట్టి శ్రుతి పెంచే క్లిప్పు, 5వ ఫ్రెట్‌లో పెడతా. అప్పుడు బాడీ తగిలేలోపు మిగిలేవి ఏడే ఫ్రెట్లు, పల్లవి పై సంగతి గిటార్ మీద వాయిద్దామంటే చెయ్యి బాడీ భుజానికి కొట్టుకుంటుంది. అదే 14 ఫ్రెట్‌లో తొమ్మిది ఉండేవి. నేను ఆ పాటలకి జి షేప్‌లోకి మారి క్యాపో తీసేయడం నేర్చుకున్నా, కానీ క్యాపో లేకుండా వాయించలేని వాళ్లు, మగవాళ్ల పాటలూ ఆడవాళ్ల పాటలూ రెండూ వాయించేవాళ్లు, దీన్ని ఆలోచించి తీసుకోండి. రెండోది, వినాయక చవితికి మా గల్లీ మండపంలో భజనకి తీసుకెళ్లా, ఢోలక్, తాళాలు మొదలయ్యాక నా గిటార్ నాకే వినపడలేదు. గట్టిగా స్ట్రమ్ చేస్తే శబ్దం పెరగదు, గరగరమంటుంది. బంజారాహిల్స్‌లో కళా కార్యక్రమాలు జరిగే లామకాన్‌లో, ఎవరైనా పాడుకునే ఓపెన్ మైక్‌లో అయితే మైక్ ముందు చక్కగా వచ్చింది. మూడోది, నట్ దగ్గర నెక్ వెడల్పు, దీనిది 47 మిల్లీమీటర్ల పైన, యమహాది 43. చిన్న చేతులకి కష్టం అని భయపడ్డా కానీ వేళ్లు ఒకదానికొకటి తగలకుండా ఫింగర్‌పికింగ్‌కి బాగుంది, బొటనవేలు పైనుంచి చుట్టి ఆరో తీగ నొక్కేవాళ్లకి మాత్రం కుదరదు. వెడల్పు అందరూ కొలిచి చూసుకోవాలి, 12 ఫ్రెట్ అన్నంత మాత్రాన వెడల్పు నెక్ ఉండాలని లేదు, 44న్నర ఉన్నవి కూడా దొరుకుతాయి.

మన ఊరి ఎండ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. మాది తార్నాకలో పై అంతస్తు, రెండో ఏడు మే నెలలో గిటార్ గోడకి తగిలించి ఉంచా. ఒకరోజు నెక్ పక్కన చెయ్యి జారిస్తే ఫ్రెట్ల చివరలు గుచ్చుకున్నాయి, చెక్క ఎండి లోపలికి ముడుచుకుంటే ఫ్రెట్ లోహం బయటికి పొడుచుకొస్తుంది, అది మొదటి హెచ్చరిక, నాకు తెలియలేదు. ఇంకో పది రోజులకి బ్రిడ్జ్ కింద వెంట్రుక మందం పగులు. టార్చి పెడితే లోపలికి వెలుగు కనిపించింది, ఆ రోజు అన్నం సహించలేదు నాకు. రిపేర్ చేసేవాళ్లు జిగురు పెట్టి, లోపల అడ్డంగా చిన్న చెక్క బిళ్లలు అతికించారు, ఇప్పటిదాకా మళ్లీ తెరుచుకోలేదు. అప్పట్నుంచి గోడకి లేదు, హార్డ్ కేస్‌లోనే, తేమ ప్యాకెట్ వేసి, తేమ కొలిచే చిన్న మీటర్ పెట్టా, 45 నుంచి 55 శాతం మధ్య ఉండేట్టు చూసుకుంటా. వానాకాలంలో ఉల్టా, టాప్ ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ ఎత్తు మామూలుగా 2.4 మిల్లీమీటర్లు ఉండేది ఆగస్టులో 3 దాటింది ఒకసారి. సాలిడ్ చెక్క గిటార్ ఏదైనా ఇంతే, ఇది 12 ఫ్రెట్ తప్పు కాదు.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేవాళ్లు ఒకటి తప్పకుండా చూడండి. గీతలు గీసే పొడుగాటి స్టీల్ స్కేల్ ఫ్రెట్ల మీద నెక్ పొడవునా పెట్టి బ్రిడ్జ్ వైపు జరపాలి, దాని చివర బ్రిడ్జ్ చెక్క పైఅంచు మీదికి రావాలి. చెక్కకి కొట్టుకుని కిందికి పోతే నెక్ కోణం పడిపోయిందని, శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే పట్టీ) అరగదీసినా కొన్నాళ్లే, చివరికి నెక్ ఊడదీసి మళ్లీ బిగించాలి, ఆ ఖర్చు గిటార్ ఖర్చులో సగం అవ్వొచ్చు. బాడీ మెరుపు చూసి మోసపోవద్దు. షాపులో వాయించేటప్పుడు చేతులు లేని స్టూల్ అడగండి, కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి, ఎఫ్ కార్డ్ పట్టండి, క్యాపో మీదే తీసుకెళ్లండి.

మోసుకెళ్లడం గురించి కూడా అడుగుతారు. పొట్టిగా ఉంటుంది కాబట్టి బ్యాగ్ వీపుకి వేసుకుంటే హెడ్‌స్టాక్ (తీగలు బిగించే మరలుండే పై చివర) నా తలని మరీ దాటదు, తార్నాక నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఆఫీస్ టైంలో కూడా తీసుకెళ్లా, ఎవరికీ తగల్లేదు. హెడ్‌స్టాక్‌లో గాడులు ఉన్న రకం కావడంతో తీగలు మార్చడం మాత్రం ఆలస్యం, ముప్పావుగంట పెట్టుకోవాలి.

పోయిన వారం తీగలు తీసినప్పుడు లైటు కింద పెట్టి చూశా. ఒకటి నుంచి మూడో ఫ్రెట్ దాకా తీగల కింద గాడులు పడ్డాయి, ఐదు, ఏడు దగ్గర కొంచెం, పదో ఫ్రెట్ దగ్గర గీత లాంటిది. 12 దాటి బాడీ మీద ఉన్నవన్నీ కొన్న రోజులాగే మెరుస్తున్నాయి. వచ్చే నెల మొదటి మూడు ఫ్రెట్లు మార్పించాలి, మిగతావి ముట్టుకోవాల్సిన పని లేదు అన్నాడు రిపేరతను.