పెద్దవాళ్ల టవర్లో కాపురం: లిఫ్టు, కరెంటు, నీళ్లు, నిప్పు

హైదరాబాద్ పడమటి వైపు, ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో, అరవై దాటినవాళ్ల కోసమే కట్టిన 19 అంతస్తుల టవర్లో మేమిద్దరం ఉంటున్నాం. మాది 11వ అంతస్తు, చేరి ఏడాది దాటింది. బిల్డింగు పేరు రాయడం లేదు, ఎందుకంటే కొన్ని లోపాలు కూడా చెప్పబోతున్నాను, వాటి మీద మేనేజ్‌మెంటుతో మాటలు ఇంకా నడుస్తున్నాయి. విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఎక్కడికెళ్లినా ముందు ప్యానెల్ గది, పంపుల గది చూడటం అలవాటు. సేల్స్ ఆఫీసువాళ్లు గుడి, యోగా హాలు, హోమ్ థియేటర్ చూపించారు, బాగున్నాయి, వాటి గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను గోడల వెనకా, సీలింగు పైనా ఉన్నవాటి గురించి రాస్తాను. డెబ్భై దాటాక అంత ఎత్తులో ఉండాలంటే మన ప్రాణం వాటి చేతుల్లోనే ఉంటుంది.

ముందు లిఫ్టు. మామూలు అపార్టుమెంట్లలో ఎక్కువగా పెట్టే 8 మంది లిఫ్టు లోతు ఒక మీటరు పైచిలుకు, అంతే. అందులో స్ట్రెచర్ పట్టదు, మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి దింపుతారు, తుంటి ఎముక విరిగినవాళ్లను అలా దింపుతుంటే వాళ్ల అరుపులు వినలేం. ఇక్కడ మూడు లిఫ్టుల్లో ఒకటి స్ట్రెచర్ లిఫ్టు. అడ్వాన్సు ఇచ్చేముందే టేపు పట్టుకెళ్లి కొలిచాను, లోపల 2.4 మీటర్ల లోతు ఉంది, స్ట్రెచర్‌తో పాటు నర్సు, ఇంకో మనిషి నిలబడొచ్చు. తలుపు మూసుకునే టైము కూడా పెంచి పెట్టారు, వాకర్ పట్టుకుని నెమ్మదిగా వచ్చేవాళ్లు కంగారు పడక్కర్లేదు. ఇంకొకటి మీరు చూడాలి, లిఫ్టు ఆగినప్పుడు లోపలి నేలా బయటి నేలా సమానంగా ఉన్నాయా అని. ఒక సెంటీమీటరు తేడా ఉన్నా వాకర్ ముందు కాళ్లు తట్టుకుంటాయి. ఇక్కడ రెండో లిఫ్టుకు ఆ జబ్బు వచ్చింది, ఫిర్యాదు చేస్తే అదే వారం సరిచేశారు, ఆ మాట చెప్పాలి. కరెంటు పోతే బ్యాటరీతో దగ్గరి అంతస్తుకు చేరి తలుపు తెరుచుకునే ఏఆర్‌డీ మూడింటికీ ఉంది, పనిచేస్తోంది కూడా, ఏప్రిల్ గాలివానల్లో చూశాం.

కరెంటు విషయంలో ఈ బిల్డింగుకు పూర్తి మార్కులు వేస్తాను. హైదరాబాద్‌లో చాలా అపార్టుమెంట్లలో జనరేటర్ మీద ఫ్లాటుకు ఇంత లోడు అని ఏసీసీఎల్ అనే పరికరం పెడతారు, దాటితే కట్ అవుతుంది, కాసేపటికి వస్తుంది, మళ్లీ పోతుంది. వయసులో ఉన్నవాళ్లకు అది చికాకు, అంతే. అదే ఆక్సిజన్ అందించే కాన్సంట్రేటర్ మెషీన్ పెట్టుకుని పడుకున్న మనిషికైతే ఊపిరి సమస్య. ఇక్కడ ఫ్లాటు మొత్తానికి, ఏసీతో సహా, జనరేటర్ బ్యాకప్ ఉంది. అయినా జనరేటర్ అందుకోవడానికి పది పదిహేను సెకన్లు పడుతుంది కదా, ఆ సందు కూడా వదల్లేదు, ప్రతి పడకగదిలో మంచం తలవైపు ఎర్రరంగు సాకెట్ ఒకటి పెట్టారు, అది యూపీఎస్ మీద నడుస్తుంది. ఊపిరికి సాయం చేసే బైప్యాప్ మెషీన్, ఎయిర్‌బెడ్ పంపు, కాన్సంట్రేటర్ దేనికైనా సరిపోతుంది. పక్క ఫ్లాటు పెద్దాయనకు రాత్రంతా మెషీన్ ఉండాల్సిందే. కరెంటు పోయిన సంగతి కూడా ఆయనకు తెలియదు. డిజైన్ చేసిన ఇంజినీరు ఎవరో గానీ ఇంట్లో ముసలివాళ్లను చూసుకున్న మనిషే అయి ఉంటారు.

బాత్రూమ్ సగం బాగుంది, సగం లేదు. తలుపు బయటికి తెరుచుకుంటుంది, ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే లోపల మనిషి తలుపుకు అడ్డంగా పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును నెట్టడం ఎవరి వల్లా కాదు. గడప లేదు, టైల్స్ జారవు, కమోడ్ పక్కన కడ్డీ గట్టిగా గోడలోకి దిగింది, నా బరువంతా వేసి చూశాను. కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2019లో రిటైర్మెంట్ హోమ్స్‌కి మోడల్ మార్గదర్శకాలు ఇచ్చింది, అడ్వాన్సు కట్టేముందు అవి ఒకసారి చదువుకోండి, ఏమేం అడగాలో తెలుస్తుంది.

వేడినీళ్లు మొత్తం బిల్డింగుకు ఒకేచోట హీట్‌పంప్‌తో కాగుతాయి. ట్యాంకులో 60 డిగ్రీలకు తగ్గకూడదు, తగ్గితే లీజియొనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది, అది ముసలివాళ్ల ఊపిరితిత్తులకు చాలా చెడ్డది. కానీ అదే 60 డిగ్రీల నీళ్లు ఒంటిమీద పడితే కొన్ని సెకన్లలో కాలుతుంది, పల్చబడిన చర్మానికి ఇంకా తొందరగా. అందుకే కుళాయి దగ్గర థర్మోస్టాటిక్ వాల్వ్ పెట్టి 43 డిగ్రీల దగ్గర కలిపి వదులుతారు. పద్ధతి సరైనదే. చిక్కల్లా మన బోరునీళ్లతో. ఎండాకాలంలో నీళ్లలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ సరిగ్గా చూసుకోకపోతే ఆ వాల్వ్‌లో సున్నం పేరుకుని బిగుసుకుపోతుంది, మా ఆవిడకు ఒకసారి భుజం మీద చురుక్కుమంది. వాల్వ్ మార్చారు, కానీ ఆర్నెల్లకోసారి ప్రతి ఫ్లాటులో థర్మామీటర్ పెట్టి చూడాలన్న నా మాట ఇంకా రాతలోకి రాలేదు.

బాత్రూమ్‌లోనే ఇంకొకటి. పడిపోయినవాళ్లు లాగడానికి ఎమర్జెన్సీ తాడు ఉంటుంది, అది దాదాపు నేలను తాకేలా వేలాడాలి, నేలమీద పడి ఉన్న మనిషి చేతికి అందాలి కాబట్టి. శుభ్రం చేసే అమ్మాయిలు తడుస్తుందని దాన్ని పైకి ముడేసి పెడుతున్నారు. వాళ్ల తప్పు కాదు, ఎందుకో వాళ్లకెవరూ చెప్పలేదు. మా అంతస్తులో నేనే చెప్పాను. మీవాళ్లు ఇలాంటి చోట ఉంటే, వెళ్లినప్పుడు మొట్టమొదట ఆ తాడు చూడండి.

ఇక నిప్పు. నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇదే. మన రాష్ట్రంలో 18 మీటర్లు దాటితే హైరైజ్ కింద లెక్క, దానికి కావాల్సిన స్ప్రింక్లర్లు, ఫైర్ పంపులు, పైపుల్లో ఒత్తిడి నిలబెట్టే జాకీ పంపు, డీజిల్ పంపు అన్నీ ఉన్నాయి, కాగితం మీద తప్పు పట్టడానికి లేదు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం 24 మీటర్ల దగ్గర ఒక రెఫ్యూజ్ ఏరియా (మంటలప్పుడు జనం చేరి ఆగే సురక్షితమైన చోటు), ఆపైన ప్రతి 15 మీటర్లకూ ఒకటి ఉండాలి, అవీ ఉన్నాయి. ఇక్కడ అవి 8, 13 అంతస్తుల్లో ఉన్నాయి, అంటే మేం మూడంతస్తులు దిగాలి, లేదా రెండంతస్తులు ఎక్కాలి. మోకాళ్లు మార్పించుకున్న మనిషికి రెండూ కష్టమే. మెట్ల మీద మనిషిని కూర్చోబెట్టి జార్చుకుంటూ దింపే కుర్చీ ఒక్కటే ఉంది, అదీ కింద సెక్యూరిటీ గదిలో! అది పై అంతస్తుల మెట్ల దగ్గరే ఉండాలి. 8వ అంతస్తు రెఫ్యూజ్ ఏరియాలో ఎవరివో పాత సోఫాలు పెట్టారు, రెండుసార్లు తీయించాం.

పొగ మెట్లలోకి రాకుండా ఫ్యాన్లతో లోపలికి గాలి కొడతారు, దాదాపు 50 పాస్కల్స్ ఒత్తిడి. మెట్ల తలుపు ఆ ఒత్తిడికి ఎదురు తెరుచుకోవాలి. మామూలు సైజు తలుపుకు నేను లెక్క వేస్తే హ్యాండిల్ దగ్గర అదనంగా 5 కిలోల బరువు నెట్టినట్టు, దానికి డోర్ క్లోజర్ స్ప్రింగు బలం తోడు. డ్రిల్ రోజు ఫ్యాన్లు ఆన్ చేయించి మా ఆవిణ్ణి తెరవమన్నాను, తెరవలేకపోయింది. మామూలు రోజుల్లో కూడా కారిడార్ ఫైర్ డోర్లు బరువని అందరూ కుర్చీ అడ్డం పెట్టేస్తున్నారు, అలా పెడితే పొగను ఆపేదేం ఉండదు. దీనికి మందు ఉంది, తలుపును తెరిచి పట్టుకునే మాగ్నెట్లు పెడితే చాలు, ఫైర్ అలారం మోగగానే అవి వదిలేస్తాయి, తలుపులు వాటంతటవే మూసుకుంటాయి.

అలారం సంగతీ అంతే. వంటింటి పక్కనే స్మోక్ డిటెక్టర్ పెట్టారు. ఎండుమిర్చి పోపు వేసినా, శుక్రవారం సాంబ్రాణి వేసినా మోగుతుంది. మోగీ మోగీ కంట్రోల్ రూమ్ కుర్రాడు చూడకుండానే ఆపేయడం నేర్చుకున్నాడు. వంటింటికి వేడిని పట్టే డిటెక్టర్ ఉండాలి, పొగను పట్టేది కాదు. పైగా ఆ మోత కీచుమంటుంది, చెవుడు వచ్చినవాళ్లకు ముందు పోయేది కీచు శబ్దాలే. 520 హెర్ట్జ్ బొంగురు మోత నిద్రలో ఉన్నవాళ్లను బాగా లేపుతుంది, అమెరికా కోడ్‌లో పడకగదులకు అదే అడుగుతారు. చెవి మెషీన్ తీసి పడుకునేవాళ్లకు మంచం దగ్గర వెలిగే లైటు కూడా కావాలి.

కిందటి నెల మీటింగులో డిటెక్టర్లు మార్చడానికి, మెట్ల మీద దింపే కుర్చీలు రెండు కొనడానికి ఒప్పుకున్నారు. మాగ్నెట్ల ఖర్చు బిల్డరు పెట్టుకోవాలా, మెయింటెనెన్స్‌లోంచి తీయాలా అన్నది తేలలేదు. ప్రస్తుతానికి ఐదుకి మూడున్నర ఇస్తున్నాను, ఆ తలుపుల పని అయ్యాక మళ్లీ వచ్చి మారుస్తాను.