అరకు దారిలో పానియర్ సంచులు

సైకిలు వెనుక క్యారియర్‌కు చెరో పక్కన తగిలించే ఈ పానియర్ సంచులు ఒక్కొక్కటి 20 లీటర్లవి. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు చేరే దాదాపు 115 కిలోమీటర్ల దారిలో, టెంటుతో సహా బస సామానంతా వీటిలోనే వేసుకుని వెళ్లాను.

వానకు ఇవి నిలుస్తాయి. టార్పాలిన్ వంటి గుడ్డను కుట్టకుండా వేడితో అతికించినందువల్ల నీరు ఊరడానికి సూది రంధ్రాలు లేవు. మూతిని మూడు మడతలు చుట్టి బకిల్ పెడితే ఘాట్‌లో పట్టుకున్న జోరువానలోనూ స్లీపింగ్ బ్యాగు పొడిగానే ఉంది. అయితే ఆ మూడు మడతలకు చోటు వదలాలి కనుక, రాసి ఉన్నంత సామాను పట్టదు.

చిక్కల్లా లోపల ఒక్క అరైనా లేకపోవడం. ముందు వేసింది చివరికి గాని చేతికి రాదు కాబట్టి, స్టవ్, పనిముట్లు వంటి బరువైనవి అడుగున ఇరుసుకు దగ్గరగా, వాటిపై అటుకులు, బెల్లం, ఆపై బట్టలు, అన్నిటికీ పైన రెయిన్‌కోటు సర్దుకోవాలి. రంగురంగుల చిన్న గుడ్డసంచులలో విడదీసి పెట్టుకుంటే చీకట్లో వెతుకులాట తప్పుతుంది. పంచర్ కిట్‌కు మాత్రం హ్యాండిల్ సంచే సరైన చోటు. మంచుకు తడిసిన టెంటును వీటిలో కుక్కరాదు. బయటి నీటిని ఆపే గుడ్డ లోపలి తేమనూ అంతే గట్టిగా పట్టి ఉంచుతుంది. తడి టెంటును క్యారియర్ మీద కట్టడమే మేలు.

రెండు సంచులనూ తూచి సమానం చేసుకోకపోతే, ఎక్కుడులో లేచి నిలబడి తొక్కేటప్పుడు సైకిలు బరువున్న వైపుకు లాగుతుంది. మడమ తగలకుండా కొక్కేలను జరిపి సంచిని వెనక్కి పెట్టుకునే వీలుండడం ఈ సంచుల్లో నాకు బాగా నచ్చిన అంశం. కొక్కెంలో ఇమిడే చిన్న ప్లాస్టిక్ ముక్కలను పెట్టెతో పాటు పారేయకండి. క్యారియర్ కడ్డీ సన్నగా ఉంటే అవి లేకుండా దిగుడులో ప్రతి గతుకుకూ సంచి టకటకమని కొట్టుకుంటుంది.

భీమిలి బీచ్ దగ్గర ఒక్క రాత్రి బసకైతే వాన తొడుగున్న మామూలు కుట్టు సంచి చాలు, ఇంత ధర పెట్టనక్కరలేదు. ఏ సంచి కొన్నా, సముద్రపు గాలి తగిలి వచ్చాక కొక్కేల మరలను మంచినీటితో కడిగి తుడవాలి, లేకుంటే తుప్పు పట్టి బిగుసుకుపోతాయి.