సెకండ్‌హ్యాండ్ డీజిల్ ఇంజిన్: ‘స్టార్టింగ్ గ్యారంటీ’ అన్నచోట అడ్వాన్స్ ఇవ్వకండి

ట్రావెలర్, వింగర్ లాంటి వ్యాన్‌లో ఇంజిన్ పోయి, పాత ఇంజిన్ ఒకటి తెచ్చి ఎక్కిద్దామని చూస్తున్న ఓనర్లకు ఈ హెచ్చరిక. విజయవాడ ఆటోనగర్‌లో వెతికినా, చెన్నై పుదుపేట నుంచో ఢిల్లీ మాయాపురి నుంచో పార్సిల్‌లో తెప్పించినా డబ్బు పోయే తీరు ఒకటే. ముందు ఫోన్‌కి వీడియో వస్తుంది. నేల మీద ఇంజిన్, పక్కన బ్యాటరీ, సెల్ఫ్ కొట్టగానే స్టార్ట్. ‘యాక్సిడెంట్ బండిది, తక్కువ తిరిగింది, ఇప్పటిదాకా విప్పలేదు, స్టార్టింగ్ గ్యారంటీ’ అంటారు. సగం అడ్వాన్స్ కొట్టించుకుంటారు. మిగతా సగం కట్టాకే పార్సిల్ ఆఫీసులో ఇంజిన్ మీ చేతికొస్తుంది. ఎక్కించాక స్టార్ట్ అవుతుంది కూడా. ఫుల్ సీట్లతో ఘాట్ రోడ్డు ఎక్కినప్పుడు అసలు రంగు బయటపడుతుంది: వేడి, పొగ, ఆయిల్ తాగడం, ఆ తర్వాత బేరింగ్ చప్పుడు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే ఒకటే ప్రశ్న: ‘స్టార్ట్ అయిందా లేదా?’

ఆ గ్యారంటీలో ఉన్నది అంతే. బేరింగులు అరిగినా, పిస్టన్ రింగులు పోయినా, హెడ్‌లో (సిలిండర్లను పైనుంచి మూసే భాగంలో) సన్నటి పగులున్నా డీజిల్ ఇంజిన్ లోడు లేకుండా హాయిగా స్టార్ట్ అవుతుంది. చిక్కటి ఆయిల్ పోసి, అందులో ఆయిల్ ట్రీట్‌మెంట్ డబ్బా ఒకటి కలిపితే చప్పుడు అణిగిపోతుంది, ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది, పొగ తగ్గుతుంది. ఆయిల్ బాగా కాగి పల్చబడేదాకా ఆ ముసుగు తొలగదు. అంతసేపు ఏ వీడియోలోనూ నడపరు.

నష్టమంతా అమ్మినవాడి వల్లే జరగదు. బేరానికి ముందు తేల్చుకోవాల్సింది మీ పాత ఇంజిన్ ఎందుకు పోయిందన్నది. అది తేలకుండా కొత్తది ఎక్కిస్తే, పాతదాన్ని చంపిన కారణం బండిలోనే కూర్చుని రెండోదాని కోసం కాచుకుని ఉంటుంది. పాత ఇంజిన్‌ని తూకానికి ఇచ్చేయకముందే హెడ్, ఆయిల్ ఛాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించి చూడండి.

బేరింగులు కరిగి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) పట్టేసి ఉంటే ఆ లోహపు పొడి ఆయిల్ కూలర్ సందుల్లోకి చేరి ఉంటుంది. డీజిల్ పోసి ఎంత కడిగినా అది పూర్తిగా రాదు, కొత్త ఆయిల్ కూలర్ వేయాల్సిందే. పాత కూలర్‌ని మంచి ఇంజిన్‌కి బిగిస్తే ఆ పొడి ఫిల్టర్ బైపాస్ తెరుచుకున్నప్పుడు నేరుగా కొత్త బేరింగుల్లోకి పోతుంది. టర్బో విరిగినా, పిస్టన్ ముక్కలైనా ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) లోపల ఆయిలు, అల్యూమినియం తునకలు మిగులుతాయి. తునకలు బోర్‌ని (సిలిండర్ లోపలి గోడని) గీరేస్తాయి. ఆయిల్ ఎక్కువుంటే ఇంజిన్ దాన్నే మండించుకుంటూ తాళం తీసేసినా ఆగకుండా రేసైపోతుంది. అలాంటప్పుడు గాలి దారి మూసేయాలి, లేదా బ్రేక్ తొక్కి పట్టుకుని టాప్ గేర్‌లో క్లచ్ వదలాలి. అందుకే మొదటి స్టార్టుకి ఎయిర్ ఇన్‌టేక్ పక్కన ఒక మనిషి చెక్క పలకతో నిలబడితే మంచిది. చెయ్యి అడ్డం పెట్టకూడదు.

పిస్టన్ నెత్తిన రంధ్రం పడి ఉంటే చాలావరకు ఇంజెక్టర్ కారడమే కారణం. ఖర్చు తగ్గుతుందని హాఫ్ ఇంజిన్ (బయటి భాగాలు లేకుండా అమ్మేది) కొని, పాత ఇంజెక్టర్లే బిగిస్తే అదే సిలిండర్లో మళ్లీ అదే రంధ్రం. నాలుగు ఇంజెక్టర్లనీ టెస్ట్ బెంచ్ మీద స్ప్రే, రిటర్న్ లీక్ చూపించి రిపోర్టు తీసుకోండి. హై ప్రెషర్ పంపు అరిగి లోహం వదిలి ఉంటే పంపు ఒక్కటే మార్చి లాభం లేదు. కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే గొట్టం), ఇంజెక్టర్లు, పైపులు, రిటర్న్ దారిలో ట్యాంకు దాకా అన్నీ చూడాలి.

వేడెక్కి పోయిన ఇంజినైతే రేడియేటర్ వైపు చూడండి. కూలెంట్ బదులు ఏళ్లపాటు బోరు నీళ్లు పోసిన బండ్లలో సున్నం పేరుకుని ట్యూబులు సగం మూసుకుపోతాయి. పైనుంచి నీళ్లు పోస్తే కిందికి వస్తున్నాయి కదా అనుకోవద్దు. ఐడిల్‌లో అది సరిపోతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు సరిపోదు. ఇంజిన్ వేడెక్కినప్పుడు ఫ్యాన్ గట్టిగా తిరుగుతోందో లేదో కూడా చూడాలి. థర్మోస్టాట్ (వేడిని బట్టి నీటి దారి తెరిచే వాల్వు) పీకేయడం మన షెడ్లలో ఓ ఆచారంలా సాగుతోంది. బైపాస్‌ని కూడా తనే మూసే రకం థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్లలో దాన్ని తీసేస్తే, నీరు రేడియేటర్‌కి పోకుండా అడ్డదారిలో తిరిగి లోడు మీద ఇంకా వేడెక్కుతుంది.

ఇక ఇంజిన్ చూడ్డానికి వెళ్లినప్పుడు. వెళ్లగానే బ్లాక్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చేలోపే ఓసారి నడిపి ఉంచారు. చల్లారేదాకా ఆగి, చల్లటి స్టార్టే అడగండి. మెరిసే సిల్వర్ పెయింట్‌కి మురవకండి, బోల్టు తలలు చూడండి. పెయింట్ కింద స్పానర్ గాట్లుంటే, జాయింట్ల అంచున సిలికాన్ పొంగి ఉంటే ‘విప్పని ఇంజిన్’ అన్నమాట అబద్ధం. నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి తిరగేసి పెడితే, కొద్దిగా అదరడం మామూలే. ఎగిరి పడినా, డిప్‌స్టిక్ గొట్టంలోంచి ఆయిల్ చిమ్మినా బ్యాక్ కంప్రెషన్ ఉన్నట్టే, అంటే సిలిండర్లోని ఒత్తిడి రింగులు దాటి కిందికి వస్తోంది. మూత లోపల పాలు కలిపిన టీ రంగు కనబడితే నీళ్లు కలుస్తున్నాయి. నీలం పొగ ఆయిల్ మండుతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే అది నీళ్లదో, మండని డీజిల్‌దో తేల్చుకోవాలి.

ఇవన్నీ పైపై పరీక్షలు. నమ్మదగ్గవి మూడు. గ్లో ప్లగ్ (చల్లటి స్టార్టుకి సిలిండర్‌ని వేడిచేసే ప్లగ్) రంధ్రాల్లోంచి గేజీ పెట్టి కంప్రెషన్ చూడటం మొదటిది: నాలుగు సిలిండర్ల మధ్య పదో వంతుకు మించి తేడా ఉంటే వదిలేయండి. రెండోది, ఇంజిన్ బాగా కాగాక మెకానికల్ గేజీతో ఆయిల్ ప్రెషర్. ఐడిల్‌లో ఒక బార్ కంటే తక్కువైతే బేరింగులు వదులైనట్టే అనుకోవాలి. మూడోది అమ్మేవాళ్లకు అస్సలు నచ్చదు: ఆయిల్ ఛాంబర్ దించి ఒక కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) క్యాప్, వీలైతే క్రాంక్‌ని పట్టి ఉంచే ఒక మెయిన్ క్యాప్ విప్పించడం. బేరింగ్ షెల్ మీద రాగి రంగు తేలితే ఆ బేరింగ్ అరిగిపోయినట్టే. షెల్ వెనకవైపు అచ్చు కూడా చదవండి. స్టాండర్డ్ అని ఉండాల్సిన చోట 0.25 అనో 0.50 అనో ఉంటే ఆ క్రాంక్‌ని ఇదివరకే లేత్ షాపులో అరగదీశారు. రీబిల్డ్ ఇంజిన్ కొనడం తప్పేం కాదు, రీబిల్డ్ అని చెప్పి ఆ ధరకే అమ్మాలి. అప్పుడైనా క్యాప్ బోల్టులు మళ్లీ వాడదగ్గవో కాదో మాన్యువల్ చూసి బిగించాలి.

వరద బండ్ల ఇంజిన్ల సంగతి విడిగా చెప్పాలి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి విజయవాడలో ఎన్నో వాహనాలు మునిగాయి. మునిగిన బండ్లు ఇన్సూరెన్స్ వేలాల్లోంచి విడిభాగాలుగా మార్కెట్‌కి చేరతాయి. ఆల్టర్నేటర్ రెక్కల సందుల్లో, స్టార్టర్ మూతి దగ్గర ఎండిన ఒండ్రు, కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము ఉన్నాయేమో చూడండి. నడుస్తుండగా నీళ్లు మింగిన ఇంజిన్ ఇంకా ప్రమాదం. నీరు గాలిలా కుదించుకోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. అర మిల్లీమీటరు వంగినా స్టార్ట్ అవుతుంది, కొంతకాలం నడుస్తుంది కూడా. తర్వాత ఒకరోజు రాడ్ బ్లాక్‌ని చీల్చుకుని బయటికొస్తుంది. ఒక్క సిలిండర్లోనే కంప్రెషన్ తగ్గి ఉంటే ఈ అనుమానం పెట్టుకోండి. హెడ్ తీసి డయల్ గేజీతో పిస్టన్ల ఎత్తు కొలిస్తే వంగినది మిగతావాటికంటే కిందే ఆగుతుంది.

బండి పేరు ఒకటే కదా అని ఇంజిన్ కొనేయడం ఇంకో గొయ్యి. వింగర్‌లో పాత 1948 సీసీ ఇంజిన్ వేరు, 2179 సీసీది వేరు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండికి బీఎస్-4 ఇంజిన్ కూర్చోబెడతామనేవాడి మాట వినకండి. సెన్సార్లు, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది), ఈసీఎం (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్), సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఆయిల్ తాగే ఇంజిన్ ఎక్కిస్తే ఆ బూడిదతో డీపీఎఫ్ కూడా పూడుకుపోతుంది, దాని ధర వింటే ఇంజిన్ బేరమే చవక అనిపిస్తుంది. ‘ఫుల్ ఇంజిన్’ అన్నమాటకి కూడా అర్థం రాయించుకోండి: టర్బో, ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, కామన్ రైల్, ఆల్టర్నేటర్, స్టార్టర్, వైరింగ్, ఈసీఎం ఉన్నాయా లేవా. వీడియోలో కనబడిన టర్బో పార్సిల్‌లో మాయమవడం మామూలే. ఈసీఎం మారితే ఇమొబిలైజర్ (దొంగతనం జరగకుండా స్టార్ట్‌ని ఆపేది) తాళంతో కలపాలి. ఇంజెక్టర్లు మారితే, వాటి మీద కోడ్ ఉన్న రకమైతే, ఆ కోడ్‌ని స్కానర్‌తో ఈసీఎంలో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఐడిల్ కుదరదు, పొగ ఆగదు, తప్పు ఇంజిన్ మీదికి పోతుంది.

బిగింపులో ఎక్కువగా చెడేవి చిన్నవి. ఇంజిన్‌కీ గేర్‌బాక్సుకీ మధ్య రెండూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చునేలా చూసే డోవెల్ పిన్నులు పాత బ్లాక్‌లోనే ఉండిపోతాయి. అవి లేకుండా బోల్టులతోనే లాగి బిగిస్తే క్లచ్ అదురుతుంది, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ పోతుంది. బిగించేటప్పుడు గేర్‌బాక్సు బరువు క్లచ్ ప్లేట్ మీద వేలాడకూడదు. క్లచ్ సెట్, రిలీజ్ బేరింగ్, క్రాంక్ వెనక ఆయిల్ సీల్, ఇంజిన్ మౌంటింగులు, టర్బోకి వెళ్లే ఆయిల్ పైపు, ఇంజెక్టర్ రాగి వాషర్లు ఇప్పుడే కొత్తవి వేయండి. తర్వాత వేయాలంటే క్లచ్, వెనక సీల్ లాంటివాటికి మళ్లీ గేర్‌బాక్సు దించాలి. మొదటిసారి నేరుగా స్టార్ట్ చేయనివ్వకండి. టర్బో ఆయిల్ రంధ్రంలో కొంచెం ఆయిల్ పోసి, ఇంధనం రాకుండా ఆపి, పది పదిహేను సెకన్ల చొప్పున విరామాలిస్తూ సెల్ఫ్ కొట్టి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరాకే ఇంధనం ఇవ్వాలి. కూలెంట్ వ్యవస్థలో గాలి తీసేదాకా లోడు వద్దు. మొదటి ఆయిల్, ఫిల్టర్ 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్యే మార్చి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూడండి. అందులో మెరుపులుంటే బండి అక్కడే ఆపాలి.

కాగితాల దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. ఇంజిన్ నంబర్ మారితే సీ బుక్‌లో (ఆర్‌సీలో) మారాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం మార్పు జరిగిన 14 రోజుల్లో రిజిస్టరింగ్ అథారిటీకి తెలపాలి. ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి ఎక్కించడం ఇంకా క్షేమం. ఫైనాన్స్ ఉంటే వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇన్సూరెన్స్ పాలసీలో నంబర్ మార్పు కూడా కావాలి. ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్లినప్పుడు నంబర్ చూస్తారు, ప్రమాదం జరిగితే క్లెయిమ్‌కి ఇదే కొర్రీ. బ్లాక్ మీద ఇంజిన్ నంబర్ కొట్టిన చోట గ్రైండర్ గీతలు, ఎగుడుదిగుడు అంకెలు ఉంటే ముట్టుకోవద్దు. ఆ ఇంజిన్ ఏ బండిదో ఆ బండి ఆర్‌సీ కాపీ, రిజిస్ట్రేషన్ రద్దయిన కాగితం అడగండి. దొంగబండి కాదని ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) సేవలో ఇంజిన్ నంబర్‌తో చూసుకోవచ్చు. బ్లాక్ బాగుంటే లైనర్లు, క్రాంక్ గ్రైండింగ్‌తో సొంత ఇంజిన్‌నే కట్టించుకోవడం మా దృష్టిలో మేలైన దారి. నంబర్ మారదు, లోపల ఏముందో మీకు తెలుస్తుంది.

కొనక తప్పదంటే జీఎస్టీ బిల్లు మీద ఇంజిన్ నంబర్, వెంట వచ్చే భాగాలు, ‘బండిలో బిగించి లోడుతో నడిపిన తేదీ నుంచి’ ఎన్ని రోజుల వారంటీయో రాయించండి. లోపం తేలితే డబ్బు వాపసా, ఇంకో ఇంజినా, దించి ఎక్కించే కూలి ఎవరిదో కూడా ఉండాలి. స్వయం ఉపాధికి, అంటే బతుకుదెరువు కోసమే కొన్నవాళ్లకు వినియోగదారుల రక్షణ చట్టం 2019 వర్తిస్తుంది. వాణిజ్య వాహనం కదా, కేసు చెల్లదన్న బెదిరింపు వినకండి. హెల్ప్‌లైన్ 1915. బిల్లు లేకుండా నోటిమాట మీద కొన్న కేసు నిలబెట్టడం మాత్రం చాలా కష్టం.

‘పాతది ఎక్స్ఛేంజ్ ఇవ్వండి, తగ్గిస్తాం’ అంటే తొందరపడొద్దు. మీ టర్బో, ఈసీఎం, ఆల్టర్నేటర్ బాగుంటే ఇనుము ధరకి వాటిని కూడా పట్టుకుపోవడమే అందులో లాభం. పైగా ఆ బ్లాక్ మీద ఉన్నది మీ సీ బుక్‌లోని నంబర్. సీ బుక్‌లో కొత్త నంబర్ ఎక్కేదాకా పాత బ్లాక్‌ని మీ దగ్గరే ఉంచుకుని, ఇచ్చేటప్పుడు నంబర్ ఫొటో తీసి, తీసుకున్నవాడి సంతకంతో రసీదు రాయించుకోండి.