మూడు తాళాలు, ఒక తలుపు

అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక మేం చేసిన మొదటి ప్రయాణం ఇది. నాలుగు రోజులు. నేను, అమ్మ, ఆరేళ్ల మా పాప, వెంట ఒక మడత వీల్‌చెయిర్. ట్రిప్ ఎలా జరిగిందని ఎవరడిగినా నేను తలుపుల గురించే చెబుతున్నాను. ఏ తలుపు తెరుచుకుంది, ఏది తెరుచుకోలేదు, తాళం ఎవరి దగ్గరుంది అని.

ముందు బస్టాండు. కొత్తగా కట్టింది, చూడగానే ముచ్చటేసింది. ఎత్తైన కప్పు, మంచి వెలుతురు, దూరం నుంచి కనిపించే బోర్డులు. చూపులేనివాళ్లు కాలితో, కర్రతో దారి పట్టుకునేలా నేల మీద పసుపు రంగు గరుకు పలకలు కూడా వేశారు. జపాన్‌కు చెందిన సెయిచి మియాకే 1965లో తయారు చేసిన పలకలివి, 1967లో ఒకాయామాలో మొదటిసారి వేశారు. ఇక్కడ ఆ వరస నేరుగా వెళ్లి ఒక పెద్ద పూలకుండీ దగ్గర ఆగిపోయింది. కుండీ తర్వాత తెచ్చి పెట్టి ఉంటారు. పెట్టినవాళ్లకు ఆ పలకలు ఎందుకున్నాయో ఎవరూ చెప్పి ఉండరు.

ర్యాంపూ ఉంది. కానీ నిటారుగా ఉంది. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలని లెక్క. ఇక్కడ దాదాపు రెండడుగుల ఎత్తును ఆరేడు అడుగుల్లో ముగించేశారు. ఎవరో కుర్రాడు వచ్చి సాయం పట్టాడు కాబట్టి ఎక్కించగలిగాను. దిగేటప్పుడు చెయిర్‌ను వెనక్కి తిప్పి, నా ఒంటి బరువుతో ఆపుకుంటూ దించాను. అమ్మ రెండు చేతులూ గట్టిగా బిగించుకుని కూర్చుంది.

వీల్‌చెయిర్ వాళ్ల కోసం విడిగా టాయిలెట్ ఉంది. బోర్డు ఉంది. తలుపుకు తాళం కూడా ఉంది.

"తాళం సూపర్‌వైజర్ గారి దగ్గరుందమ్మా, ఆయన ఇప్పుడే బయటికెళ్లారు" అంది అక్కడ శుభ్రం చేసే ఆమె. తప్పు ఆమెది కాదు, ఆమె చేతికి తాళం ఇవ్వలేదు. ఇరవై నిమిషాలు ఆగాం. మోకాలి నొప్పితో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషికి ఆ ఇరవై నిమిషాలు ఎంతసేపో నేను పక్కనుండి చూశాను. తెరిచాక లోపల చీపుర్లు, బకెట్లు, ఫినాయిల్ డబ్బాలు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి చెయిర్ లోపలికెళ్లాక మూసుకోదు. ఇలాంటి గదిలో చెయిర్ చుట్టూ తిరగడానికి ఒకటిన్నర మీటరు జాగా ఉండాలి, తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డం అవుతుంది, బయటివాళ్లు తోసినా రాదు. సాయం కోసం లాగే ఎర్ర తాడు ఒకటుంది. తుడిచేటప్పుడు అడ్డమొస్తుందని కాబోలు, దాన్ని పైకి ముడేసి కట్టారు. పడిపోయినవాళ్లకు అందాలంటే అది నేల దాకా వేలాడాలి. నేనే ముడి విప్పి వచ్చాను.

పక్కన ఆడవాళ్ల టాయిలెట్ ముందు పెద్ద క్యూ, మగవాళ్ల వైపు ఎవరూ లేరు. రెండు వైపులా ఒకే కొలత గదులు కట్టినందువల్ల వచ్చిన తేడా ఇది. అంతే జాగాలో మగవాళ్లకు ఎక్కువమందికి సరిపోతుంది, పైగా ఆడవాళ్లకు ఎక్కువ సమయం పడుతుంది, పిల్లలూ వాళ్లతోనే ఉంటారు. సమానంగా పంచామనుకుంటే సరిపోదు, ఎంతసేపు నిలబెడుతున్నామో చూసుకోవాలి.

లాడ్జిలో మూడో అంతస్తు గది ఇచ్చారు. గది చాలా శుభ్రంగా ఉంది, లిఫ్టు బాగుంది, సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. నాకో అలవాటుంది. ఎక్కడ దిగినా గది నుంచి మెట్ల దాకా ఎన్ని తలుపులు దాటాలో లెక్కపెట్టుకుంటాను. పొగ కమ్మితే కళ్లు పనిచేయవు, గోడ తడుముకుంటూ లెక్కతోనే పోవాలి. అలా లెక్కపెడుతూ వెళితే అత్యవసర మెట్ల తలుపుకు గొలుసు, తాళం కనిపించాయి.

కిందికెళ్లి అడిగాను. "దొంగల భయమండీ, రాత్రిపూట వేస్తాం" అన్నాడు కౌంటర్‌లో ఉన్నతను. 1911లో న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ కాలిపోయినప్పుడు ఒక మెట్ల తలుపుకు తాళం ఉండటానికీ ఇదే కారణం. పనివాళ్లు సరుకు పట్టుకుపోతారేమోనన్న భయం. 146 మంది చనిపోయారు. ఎక్కువమంది అమ్మాయిలే. ఆ మాట అతనికి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు, గొలుసు తీయిస్తానన్నాడు. పదకొండింటికి వెళ్లి చూస్తే అలాగే ఉంది. అమ్మ మెట్లు దిగలేదు, మంటలొస్తే లిఫ్టు వాడకూడదు. ఆ రాత్రి టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఖాళీ చేసి, పాత కాలపు లాడ్జి ఒకదానిలో కింది అంతస్తు గదికి మారాం. అక్కడ గోడల రంగు వెలిసింది, వేడినీళ్లు ఆలస్యంగా వచ్చేవి. అయితే తలుపు వెనక బయటికెళ్లే దారి మ్యాపు ఉంది, కరెంటు పోయినప్పుడు వరండాలో లైటు దానంతటదే వెలిగింది. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను.

ఈ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది మ్యూజియాన్ని. టికెట్ కౌంటర్ దగ్గర నిలబడితేనే టాయిలెట్ కనిపిస్తుంది. కొద్దికొద్ది దూరంలో వీపు ఆనించుకునే బెంచీలు. అమ్మ మూడుసార్లు కూర్చుని, లేచి, ఒక గ్యాలరీ మొత్తం తన కాళ్ల మీద నడిచింది. బయటికెళ్లే తలుపుకు అడ్డంగా ఒక కడ్డీ ఉంది. ఒంటితో నెట్టినా తెరుచుకుంటుంది, బయటినుంచి మాత్రం ఎవరూ రాలేరు. 1903లో షికాగోలోని ఇరోక్వాయ్ థియేటర్ మంటల్లో తెరుచుకోని తలుపుల దగ్గర వందలమంది ప్రాణాలు పోయాక, ఆ బాధలోంచి పుట్టిన పరికరం ఇది. 1908లో అమ్మకానికి వచ్చింది. లాడ్జి అతని దొంగల భయానికి జవాబు ఈ కడ్డీయే. పాప చేత ఒకసారి నెట్టించి చూపించాను, గార్డు ఏమీ అనలేదు.

చివరి రోజు సాయంత్రం నది పైనున్న వ్యూ పాయింట్. వెళ్లాం, చూడకుండానే వెనక్కొచ్చాం. ఎక్కేవాళ్లకూ దిగేవాళ్లకూ ఒకే ఇరుకు మెట్లు. రెండో గేటు ఉంది, టికెట్ లేనివాళ్లు దూరతారని దానికి తాళం. చదరపు మీటరుకు నలుగురు దాటితే గుంపులో కదలడం కష్టం. ఇంకా పెరిగితే ఎటు అడుగు వేయాలో మన చేతిలో ఉండదు, గుంపు ఎటు తోస్తే అటే. పాప నా నడుము దగ్గర నలిగిపోతోంది. "ఇంక చాలే, వెనక్కి పద" అంది అమ్మ, చెయిర్‌లోంచి. పక్కకు తప్పుకుని గార్డును గేటు తెరవమని అడిగాను. తాళం ఆఫీసులో ఉందన్నాడు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అదే బస్టాండు. సలహాల పుస్తకం అడిగి తీసుకుని రాశాను. కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, పూలకుండీ జరపండి, టాయిలెట్ తాళం తీసేసి లోపల గడియ పెట్టండి, అవసరమైతే బయటినుంచి నాణెంతో తిప్పి తెరిచే రకం గడియలు ఉంటాయి, చీపుర్లకు వేరే జాగా ఇవ్వండి అని. ఎర్ర తాడు గురించి కూడా రాద్దామని ముందు లోపలికెళ్లి చూశాను. ఇంకా కిందికే వేలాడుతోంది.