హనుమకొండలో కొన్న గేమ్ స్టిక్: ఆటలు అవే, వేగం మాత్రం మనది కాదు

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఛార్జర్లు, ఇయర్‌ఫోన్లు అమ్మే దుకాణాల్లో ఇప్పుడు గేమ్ స్టిక్‌లు కూడా దొరుకుతున్నాయి. పెన్‌డ్రైవ్ కంటే కొంచెం పెద్దగా ఉండే ఈ పరికరాన్ని టీవీ వెనుక హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టి, యూఎస్‌బీ తీగతో కరెంటు ఇచ్చి, వైర్‌లెస్ రిమోట్లు రెండింటితో ఆడుకోవచ్చు. నేను కొన్నదానికి రెండు వేల రూపాయల లోపే అయింది. డబ్బా మీద కంపెనీ పేరంటూ ఏదీ లేదు. ‘10,000 ఆటలు’ అన్న అంకె మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. “పెట్టంగనే నడుస్తది సార్, మీ చిన్నప్పటి ఆటలన్నీ ఇండ్లనే ఉన్నయ్” అన్నాడు దుకాణంలోని అబ్బాయి. మొదటి మాట నిజమే. రెండో మాటను మాత్రం కొంత పరీక్షించి చూడవలసి ఉంది.

1990లలో వరంగల్, కాజీపేట, కరీంనగర్ వంటి ఊళ్లలో పెరిగిన చాలామందికి టీవీకి తగిలించే వీడియో గేమ్ అంటే, జపాన్‌లో 1983లో నింటెండో విడుదల చేసిన ఫ్యామికామ్ యంత్రమే. అయితే మన ఇళ్లకు, గంటకింత అని కిరాయి తీసుకుని ఆడించే గదులకు వచ్చినవి చాలావరకు అసలు యంత్రాలు కావు, దాన్ని చూసి తైవాన్, చైనాల్లో తయారుచేసిన నకళ్లు. అదే 60 పిన్నుల క్యాసెట్‌ను పైనుంచి గుచ్చి, యాంటెన్నా తీగ పీకిన చోట యంత్రం తీగ తగిలించి, బొమ్మ పడేదాకా ఛానెల్ ట్యూన్ చేస్తే ఆట మొదలయ్యేది. ఆ ఆటను ఎవరు తయారుచేశారో చెప్పేవారు లేరు; క్యాసెట్ మీది బొమ్మకూ లోపలి ఆటకూ తరచుగా పొంతన ఉండేది కాదు. కాంట్రా అనే తుపాకుల ఆటలో ముప్పై ప్రాణాలిచ్చే మీటల వరుస, అంటే పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, మళ్లీ ఎడమ, కుడి, ఆపైన బి, ఏ, మనలో ఎవరూ ఏ పత్రికలోనూ చదవకుండానే బడి పిల్లల నోటి మీదుగా వాడవాడకూ చేరింది. ఈ స్టిక్‌లోనూ ఆ వరుస పనిచేస్తుంది.

ఆటల జాబితా విషయానికి వస్తే, మనవాళ్లు వెతికేవన్నీ ఉన్నాయి. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్, అదే ఏడాది నామ్కో తెచ్చిన ట్యాంకుల ఆట బ్యాటిల్ సిటీ, కొనామీ వారి కాంట్రా, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ అన్నీ దొరికాయి. 10,000 అన్న లెక్కను మాత్రం నమ్మనవసరం లేదు. ఒకే ఆటకు జపాన్, అమెరికా, యూరప్ ప్రతులను వేర్వేరుగా లెక్కపెట్టారు. మన పాత ‘9999 ఇన్ 1’ క్యాసెట్లు ఇంతకంటే పెద్ద అబద్ధమే ఆడేవి. నాలుగైదు ఆటలనే ఒక్కో దశ నుంచి మొదలుపెట్టి, ఒక్కోదానికి ఒక్కో పేరు తగిలించి వేల లెక్క చూపేవి. ఆ లెక్కన చూస్తే ఈ వ్యాపారం కొంత నిజాయితీ వైపే నడిచిందనాలి.

ఇక అసలు విషయం వేగం. సూపర్ మారియో మొదలుపెట్టిన కొద్ది క్షణాల్లోనే పాటలో తొందర వినిపిస్తుంది, మారియో పరుగు మనకు గుర్తున్నదాని కంటే చురుగ్గా ఉంటుంది, దూకవలసిన గుంత ఊహించినదానికి ముందే వచ్చేస్తుంది. ఇది స్టిక్ లోపం కాదు. ఈ ఆటలు జపాన్, అమెరికా టీవీల కోసం తయారయ్యాయి. అక్కడి టీవీలో బొమ్మ సెకనుకు 60 సార్లు మారుతుంది, ఆటలోని ప్రతి కదలికా ఆ లెక్క మీదే నడుస్తుంది. మన దేశంలో వాడిన పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి టీవీలో బొమ్మ సెకనుకు 50 సార్లే మారేది. అందుకని మన టీవీలకు సరిపోయేలా చేసిన నకలు యంత్రాల్లో ఆట మొత్తం ఆరో వంతు నెమ్మదించేది. జపాన్ పిల్లవాడు 60 సెకన్లలో దాటే దారి మనకు 72 సెకన్లు పట్టేది. విశేషమేమిటంటే, ఆ నకలు చిప్పుల గడియారపు వేగం దాదాపు అసలు యంత్రానికి సమానంగానే ఉండడంతో పాట శ్రుతి తగ్గేది కాదు, నడక మాత్రమే నిదానించేది. అదే స్వరం, విలంబిత కాలం. కాబట్టి మనకు గుర్తున్న మారియో పాట దాన్ని కట్టినవారు అనుకున్న వేగంలోనిది కాదు, మన టీవీ పెట్టిన వేగంలోనిది.

ఈ స్టిక్ 60 లెక్కనే నడుస్తుంది, మార్చుకునే వీలు నాకు కనిపించలేదు. ఆ నిదానమే కావాలనుకునేవారు కంప్యూటర్‌లో ఎఫ్‌సీఈయూఎక్స్ వంటి ఎమ్యులేటర్, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రామ్ పెట్టుకుని, ప్రాంతం (రీజియన్) దగ్గర ‘డెండీ’ అన్నదాన్ని ఎంచుకోవాలి. డెండీ అనేది రష్యాలో అమ్ముడైన ఇలాంటి నకలు యంత్రం పేరు. రష్యా పిల్లల చిన్నతనమూ మన చిన్నతనమూ ఒకే వేగంతో నడిచాయన్న సంగతి ఇలా తెలిసిరావడం నాకు భలే నచ్చింది.

వేగం లోపం కాకపోయినా, ఆలస్యం ముమ్మాటికీ లోపమే. మీట నొక్కడానికీ మారియో ఎగరడానికీ మధ్య పసిగట్టగలిగినంత జాగు ఉంది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ వచ్చిన సంకేతాన్ని వచ్చినట్టే తెర మీద గీసేది. ఇప్పటి టీవీ బొమ్మకు మెరుగులు దిద్ది చూపుతుంది, దానికి వైర్‌లెస్ రిమోట్ జాగు, స్టిక్‌లోని ఎమ్యులేటర్ జాగు తోడవుతాయి. టీవీ సెట్టింగ్‌లలో ‘గేమ్ మోడ్’ ఉంటే తప్పకుండా పెట్టాలి. మా ఇంట్లో దాంతో చాలా తేడా వచ్చింది, పూర్తిగా మాత్రం పోలేదు. కాంట్రా వంటి ఆటలో ఆ మిగిలిన జాగు ప్రాణాలు తీస్తుంది.

జాబితాలో ఉండీ ఆడలేనిది 1984 నాటి డక్ హంట్. బాతులను కాల్చే తుపాకీ ఇందులో రాదు. ఎక్కడైనా పాతది సంపాదించినా ఈ టీవీలతో పనిచేయదు. చాలామంది అనుకున్నట్టు ఆ తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు, దాని మూతిలో వెలుగును పసిగట్టే పరికరం ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడుతుంది, మరుక్షణం బాతు ఉన్న చోట తెల్లని చతురస్రం వెలుగుతుంది. మొదట చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తే గురి తగిలినట్టు లెక్క. బల్బు వైపు గురిపెట్టి మోసం చేయబోయినవారికి బాతు ఎందుకు పడలేదో ఆ నల్లని క్షణమే సమాధానం. కొత్త టీవీలో ఆ వెలుగు అనుకున్న సమయానికి రాదు. ఆడలేని ఆటను జాబితాలో ఉంచి అంకె పెంచుకోవడం బాగాలేదు.

రిమోట్లు తేలికపాటి ప్లాస్టిక్‌వి, మీటలు కొంచెం గట్టిగా ఉన్నాయి, సన్న బ్యాటరీలు విడిగా కొనుక్కోవాలి. ఇద్దరు కలిసి ఆడడానికి మాత్రం ఇంత తక్కువ ధరలో ఇంతకంటే మంచి వస్తువు నాకు తెలియదు. ఫోన్ ఆటలకు అలవాటుపడిన మా అన్న కూతురికి మారియో పెద్దగా ఎక్కలేదు కానీ, బ్యాటిల్ సిటీ పట్టుకుంది. అందులో ఇటుకలు, నీళ్లు, చెట్లు పేర్చి సొంతంగా మైదానం కట్టుకోవచ్చు. 35 దశల కంటే ఆ కట్టడం మీదే ఆమెకు మోజు. తోటి ఆటగాడి గుండు తగిలితే మన ట్యాంకు కాసేపు కదలదు, మనం కాపాడవలసిన గద్ద బొమ్మను మనమే పేల్చుకునే ప్రమాదమూ ఉంది. “బాబాయ్, మన గద్దను నువ్వే కాల్చినవ్” అన్న తగువు ఇంట్లో రోజూ నడుస్తోంది.

ఒక హెచ్చరిక అవసరం. ఈ ఆటల హక్కులు నింటెండో, కొనామీ వంటి సంస్థలవి. ఈ ధరకు అమ్మే స్టిక్‌లో వాటికి అనుమతి ఉంటుందని నేను అనుకోను. మన పాత క్యాసెట్లూ అంతే. న్యాయంగా ఆడాలనుకునేవారికి కొనామీ 2019లో కాంట్రా పాత ఆటలను కలిపి ఒక సంకలనం విడుదల చేసింది, అది కంప్యూటర్‌లోనూ ఆడుకోవచ్చు.

ఆటలన్నీ చిన్న మెమరీ కార్డులో ఉంటాయి, ఇలాంటి చవక కార్డులు త్వరగా పాడవుతాయి. మార్పిడికి దుకాణం ఇచ్చిన గడువు వారమే కనుక, కొన్నరోజే అందులోని ఫైళ్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని, వీలైతే పేరున్న కంపెనీ కార్డులోకి మార్చుకోవడం మంచిది.